కురుమూర్తి చిక్కం

పొద్దున అయిదున్నరకల్లా కోడేరు బస్సు స్టేజీ దగ్గర జంగమ్మ హోటల్ పొయ్యి రాజుకుంటుంది. హోటల్ అన్నానని పెద్దగా ఊహించుకోవద్దు. పైన నాలుగు రేకులు, కింద రెండు బల్లలు, పొయ్యి మీద మసిబారిన చాయ్ గిన్నె, గోడకు బీచుపల్లి జాతరలో కొన్న ఆంజనేయస్వామి పటం. అంతే. కానీ నాగర్‌కర్నూల్ నుంచి వచ్చే మొదటి బస్సు డ్రైవరు ఆ చాయ్ గొంతులో పడందే బండి కదిలించడు.

డ్రైవరు కంటే ముందు చాయ్ కురుమూర్తిది. పన్నెండేళ్లుగా అదే లెక్క. పొయ్యికి ఎదురుగా, జంగమ్మ ముఖం సూటిగా కనిపించే బల్ల అతనిది. పొరపాటున ఇంకెవరైనా అక్కడ కూర్చుంటే, వాళ్లు లేచేదాకా స్తంభంలాగా నిలబడే ఉంటాడు గానీ రెండో బల్ల మీద కూర్చోడు. కూర్చున్నాక మాట్లాడటం మొదలుపెడతాడు. వానల సంగతి, పత్తి గింజల సంగతి, ఒకప్పుడు బోరుబండి మీద పదేళ్లు తిరిగినప్పుడు కర్ణాటకలో ఎక్కడ ఎన్ని గజాల లోతున నీళ్లు పడ్డాయో ఆ సంగతి. ఎదుటి మనిషి నోరు తెరిచేలోపు ఇంకో కథ ఎత్తుకుంటాడు. ఫోన్ వెలిగితే తీయడు. "టవర్ లేదు" అంటాడు. టవర్ హోటల్ వెనకాలే ఉంది!

అతని మాటల కోసమే పదిమంది వస్తారు. పదిమంది వస్తే పది చాయ్‌లు. జంగమ్మ హోటల్ నడిచేది పాలతో సగం, కురుమూర్తి నోటితో సగం అని ఊళ్లో అనుకునేవాళ్లు. ఊరి వరుసకు అతను జంగమ్మకు బావ అవుతాడు. ఇద్దరికీ తోడు పోయి చాలా ఏళ్లయింది. అతని బిడ్డ వనపర్తిలో కాపురం చేసుకుంటోంది. జంగమ్మకు గద్వాలలో చెల్లెలు రేణుకమ్మ ఒక్కతే.

హోటల్‌కు ఆనుకుని ఖాజా మియా టైలర్ షాపు. కరోనా వచ్చి పెళ్లిళ్లు ఆగిపోయి, రంజాన్ బట్టలు కూడా ఎవరూ కుట్టించుకోక మిషను మీద దుమ్ము పడుతుంటే, మిగిలిపోయిన జాకెట్టు ముక్కలతో మాస్కులు కుట్టడం మొదలుపెట్టాడు. మంచి మాస్కులు. రెండు పొరలు, ముక్కు దగ్గర చిన్న కుచ్చు. ఒక గుణం మాత్రం ఉండేది వాటికి. మాస్కు పెట్టుకున్నప్పుడు మనిషి బయటికి చెప్పకుండా మింగేసిన మాట అందులో నిలిచిపోయేది. ఉతికి ఎండలో ఆరేస్తే, చివరి తడి ఆరిపోయే సమయానికి ఆ మాట ఆ మనిషి గొంతుతోనే ఒక్కసారి బయటపడి, అక్కడితో అయిపోయేది.

కొత్త చీర రంగు దిగుతుందని తెలిస్తే వేరే బకెట్లో నానబెడతాం కదా. కోడేరులోనూ అట్లాగే. ఇవి మాట దిగే మాస్కులని తెలిసినాక జాగ్రత్తపరులు పెరట్లో ఆరేసుకునేవాళ్లు. మరిచిపోయి వాకిట్లో ఆరేసినవాళ్లు కొంచెం పరేషాన్ అయ్యేవాళ్లు. బడి పంతులు శంకరయ్య సార్ మాస్కు ఒకరోజు దండెం మీద నుంచి, "ఈ ఆన్‌లైన్ పాఠం నాకే సమజైతలేదు" అంది. పిల్లల తల్లులకు ధైర్యం వచ్చింది. ఖాజా మియా భార్య హుసేన్‌బీ మాస్కు, "ఇరవై ఏండ్లల్ల ఈయన కుట్టిన కుర్తా ఒక్కటన్న నాకు సరిపోయిందా" అంది. ఖాజా మియా టేపు తెచ్చి మళ్లీ కొలతలు తీసుకున్నాడు.

ఇక అసలు సంగతి. రెండోసారి లాక్‌డౌన్ పెట్టి జూన్‌లో ఎత్తేశారు చూడండి, అప్పటిది. ఆ ఎండాకాలం జంగమ్మ నాగర్‌కర్నూల్ దవాఖానలో పదకొండు రోజులు ఆక్సిజన్ మీద ఉండి వచ్చింది. వచ్చినాక మనిషి సగమైంది గానీ పంతం రెట్టింపైంది. హోటల్ తెరిచిన రోజు శంకరయ్య సార్‌తో అట్ట మీద పెద్ద అక్షరాలతో రాయించి గుమ్మానికి కట్టింది. "మాస్కు లేనోళ్లకు చాయ్ లేదు."

"మాస్కు పెట్టుకోని చాయ్ ఎట్ల తాగుతరు జంగమ్మా? ముక్కుతోనా?" అని అడిగాడు మల్లయ్య.

ఈ మల్లయ్యకు చిన్నప్పటి నుంచీ చెవుడు. ఊళ్లో చెవిటి మల్లయ్య అంటేనే తెలుస్తుంది. ఆ పేరు పెట్టింది కూడా కురుమూర్తే, ఇరవై ఏళ్ల కిందట, ఇదే స్టేజీ దగ్గర. అందరూ నవ్వారు, పేరు అంటుకుపోయింది.

జంగమ్మ అతనికి వినపడేటట్టు అరిచి చెప్పింది. "తాగేటప్పుడు తియ్యి, తాగినంక పెట్టుకో! మాట్లాడేటప్పుడు మాత్రం తియ్యకు! మీరు తాగేది గుక్కెడు, మాట్లాడేది గంటెడు!"

అందరూ జేబుల్లోంచి మాస్కులు తీశారు. కురుమూర్తి తీయలేదు. బల్ల మీద కూర్చోనూ లేదు. గుమ్మంలో నిలబడి అందరి ముఖాలూ ఒక్కొక్కటే చూశాడు. సగం ముఖాలు. ముక్కు మీద నుంచి కిందికి అన్నీ గుడ్డలే.

"మనుషులమా, ఎడ్లమా?" అన్నాడు గట్టిగా. "ఎద్దుకు చిక్కం ఎందుకు గడ్తరు? పత్తిచేన్ల గుంటుక తోలేటప్పుడు మొక్కల మీద మూతి పెడ్తదని. నేనెవని చేన్ల మూతి పెట్టిన? నాకెందుకు చిక్కం?"

ఎద్దుల మూతికి కట్టే ఆ తాడు బుట్ట మాట పడగానే నలుగురు పకపకా నవ్వి మాస్కులు తీసేసి అతని వెంట రోడ్డు దాటారు. అవతల వాన నీళ్లు పోయే మోరీ గోడ మీద కూర్చున్నారు. ఆ రోజు నుంచి ఊళ్లో రెండు జట్లయ్యాయి. ఇవతల మాస్కు పెట్టుకునే గుడ్డపోళ్లు, అవతల చిక్కం వద్దనే చిక్కపోళ్లు. గుడ్డపోళ్లకు చాయ్ ఉంది, కబుర్లు లేవు. చిక్కపోళ్లకు కబుర్లు ఉన్నాయి, చాయ్ లేదు. కబుర్లు లేని చాయ్ ఎన్ని రోజులు తాగుతారు? వారం తిరిగేసరికి గుడ్డపోళ్లు కూడా ఒక్కొక్కరే ఇంట్లోనే చాయ్ పెట్టించుకోవడం మొదలుపెట్టారు.

ఆశా వర్కర్ స్వరూప ఓపిక గల పిల్ల. మాస్కు సర్దుకుని మోరీ దగ్గరికి వెళ్లి అడిగింది.

"కాకా, టీకా ఏసుకున్నవా?"

"మేకనా? మేక యాడిదే, మొన్ననే అమ్మితిమి గద."

మోరీ మీద వాళ్లంతా పొట్టలు పట్టుకున్నారు.

"టీకా కాకా, టీకా! సూది!"

"బూదా? బూది గావాలంటే జంగమ్మ పొయ్యిల ఉంటది, పోయి తెచ్చుకో."

స్వరూప ముఖం ఎర్రబడింది. హోటల్‌కు వచ్చి బల్ల మీద రిజిస్టరు దబ్బున పెట్టింది. "మంచిగ అడిగితె ఎక్కిరిస్తుండు పెద్దమ్మా. గంత పెద్దమనిషికి ఇది తగునా?"

"వానికి పొగరు," అంది జంగమ్మ గిన్నె వైపు తిరిగి. "నాకు ఎర్కనే. ఎప్పటి సందో ఎర్కనే."

ఎప్పటి నుంచి అంటే తొమ్మిదేళ్ల నుంచి. కురుమూర్తి భార్య పోయిన ఏడాది అది. మనిషి ఎండుకుపోతుంటే చూడలేక, ఒకరోజు పొద్దున చాయ్ వడగడుతూ, గిన్నె వైపే ముఖం పెట్టి, చుట్టూ ఎవరూ లేనిది చూసి జంగమ్మ అడిగింది. "ఒక్కనివి ఏం వండుకుంటవ్ బావా, మాపటికి ఇంత బువ్వ గీడ్నే తినరాదు?" ఆ ఒక్క మాట అడగటానికి ఆమెకు నాలుగు నెలలు పట్టింది. కురుమూర్తి చాయ్ తాగాడు, గ్లాసు బల్ల మీద పెట్టాడు, తువ్వాల దులుపుకుని వెళ్లిపోయాడు. అవుననలేదు, కాదనలేదు. జంగమ్మ మళ్లీ అడగలేదు. తెల్లారి నుంచి అతని గ్లాసు మాత్రం కొంచెం గట్టిగా పెట్టేది.

ఆషాఢం వచ్చింది. పాలు మిగిలిపోతున్నాయి. మిగిలినవి తోడేసి పెరుగు చేస్తే ఖాజా మియా ఇంటికి పోయేది. ఆ పెరుగు తినీ తినీ ఖాజా మియాకు జలుబు చేసింది. ఆ రోజుల్లో జలుబంటే మాటలా? స్వరూప వచ్చి ముక్కులో పుల్ల పెట్టి చూసి, ఏం లేదు, పెరుగు మానెయ్యమని చెప్పి పోయింది.

గద్వాల నుంచి రేణుకమ్మ ఫోన్ చేసింది. "అక్కా, ఎవల కోసమే గా పొయ్యి కాడ కాలుతున్నవ్? దవాఖానకెల్లి బతికొచ్చినవ్. ఇగ సాలు. మా ఇంట్ల మగ్గం నడుస్తనే ఉన్నది, నూలు సుట్టుకుంట నా దగ్గర ఉందువు రా."

"ఆషాఢం ఎల్లనీ, జూస్త."

"ఏం జూస్తవే?"

జంగమ్మ ఫోన్ పెట్టేసింది. రెండ్రోజులకు చెల్లెలు పంపిన ఒక చీర బస్సులో వచ్చింది. ఆకుపచ్చ ఒళ్లు, ఎర్రటి పట్టు అంచు. గట్టి ప్లాస్టిక్ కవర్, లోపలి నేత ఒక్కొక్క పోగూ కనిపించేంత తేటగా ఉంది. జంగమ్మ కవర్ విప్పకుండానే ఆంజనేయస్వామి పటం కింద పెట్టింది. ఆ పొయ్యి ఆషాఢం దాటి రాజుకుంటుందా లేదా అనేది ఇక ఆమెకు ఒక్క మనిషి మీద ఆధారపడింది. ఆ మనిషి మోరీ మీద కూర్చుని బోరుబండి కథలు చెబుతున్నాడు.

ఒక మధ్యాహ్నం కురుమూర్తి వనపర్తి బస్సు కోసం రోడ్డుకు ఇవతల నిలబడ్డాడు. హోటల్‌కూ ఖాజా మియా షాపుకూ మధ్య కట్టిన దండేనికి అతని వీపు అయిదడుగుల దూరం కూడా లేదు. దండెం మీద జంగమ్మ మాస్కు ఆరుతోంది. రోజూ వెనకాల ఆరేసేది, ఆ రోజు మరిచిపోయింది. మరిచిపోయిందో, అలిసిపోయిందో. బస్సు మలుపు తిరుగుతుండగా చివరి తడి ఆరింది.

"బావా, నువ్వు కూసోకుంటే నాకు పొయ్యి రాజెయ్య బుద్ధైతలేదు," అంది మాస్కు, జంగమ్మ గొంతుతో, స్పష్టంగా.

మిషను తొక్కుతున్న ఖాజా మియా కాలు ఆగింది. మోరీ మీది నలుగురూ లేచి నిలబడ్డారు. బస్సు ఎక్కబోతున్న ఆడవాళ్లు కూడా వెనక్కి తిరిగారు. తిరగనిది ఒక్క కురుమూర్తే. తువ్వాల భుజాన వేసుకుని, బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని పోయాడు.

"తౌబా!" అన్నాడు ఖాజా మియా. "గుండెకాయనా, గుండురాయా?"

మోరీ మీది వాళ్లు కూడా ఆ రోజు నవ్వలేదు. జంగమ్మ బయటికి వచ్చి దండెం మీది మాస్కు తీసి నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసుకుంది. "మంచిదే, తెలిసిపాయె," అంది. లోపలికి పోయి రెండో బల్లను తిరగేసి గోడకు ఆనించింది.

రెండు రోజులకు వనపర్తి నుంచి వచ్చిన కురుమూర్తి బస్సు దిగుతూనే ఆ తిరగేసిన బల్లను చూశాడు. సామాన్లు సంచుల్లోకి ఎక్కడం చూశాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. అడిగితే జవాబు గుడ్డ వెనకాల నుంచి వస్తుంది కదా. ఇంటికి పోయాడు.

తెల్లారి పొద్దున అయిదున్నరకు హోటల్ ముందు నిలబడ్డాడు. మూతికి చిక్కం కట్టుకుని! నిజమైన చిక్కమే. తన ఎర్రెద్దుది. జనపతాడుతో అల్లినది, చెవుల వెనకాల నుంచి తెచ్చి నెత్తి మీద ముడి వేసుకున్నాడు.

"ఇగో, మూతికి గట్టుకున్న. అట్ట మీద రాసినట్టే వచ్చిన. చాయ్ పొయ్యి."

జంగమ్మ ఎంత ఆపుకుందామన్నా మాస్కు వెనకాల నవ్వు ఆగలేదు. భుజాలు ఊగాయి. అప్పుడే వచ్చిన స్వరూప కళ్లు తుడుచుకుంటూ, "కాకా, గా కంతలల్ల కరోనా గాదు, కోడిపిల్ల గూడ దూరుతది," అంది. ఖాజా మియాకు మాత్రం వృత్తి ధర్మం గుర్తొచ్చింది. "ఇటియ్యి కురుమూర్తి భాయ్, జర ఆగు," అని చిక్కం విప్పించి, రెండు పొరల లైనింగు గుడ్డ లోపల పెట్టి, దబ్బనంతో చుట్టూ కుట్టి ఇచ్చాడు. "ఇగ ఇది నా మాస్కే. గ్యారంటీ."

కురుమూర్తి కట్టుకుని తన బల్ల మీద, తన చోట కూర్చున్నాడు. చాలా రోజుల తరువాత ఆ పొద్దున హోటల్లో నలుగురు గుమిగూడారు. జంగమ్మ చాయ్ పోసి ఇచ్చింది. అతను చిక్కం గడ్డం కిందికి లాగి తాగి, మళ్లీ పైకి లాక్కున్నాడు. ఈ మనిషికి ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పలేననుకుంది జంగమ్మ. రోడ్డు వైపు చూస్తూ అంది.

"బావా, శ్రావణానికి నేను గద్వాల పోతున్న. ఇగ రాను."

కురుమూర్తి ఆమె చూపు వెంటే బయటికి చూశాడు. మబ్బులు పట్టి ఉన్నాయి.

"మంచిదే గద," అన్నాడు. "ఎంత తొందరగ అయితే అంత మంచిది. పత్తికి మేలు."

జంగమ్మ చేతిలోని గరిటె కింద పెట్టింది.

"నేను పోతే పత్తికి మేలా?"

ఇటు తిరిగాక కురుమూర్తికి ఆమె కళ్లు కనిపించాయి. నీళ్లున్నాయి. ఏదో తప్పిపోయింది. ఏం తప్పిపోయిందో తెలియదు. చిక్కం లోపల అతని నోరు తెరుచుకుంది. గొంతు దాకా ఒక మాట వచ్చింది. చుట్టూ అందరూ తననే చూస్తున్నారు, మల్లయ్యతో సహా. మాట మింగేశాడు. గ్లాసు పెట్టాడు. చిక్కం విప్పి గోడ మేకుకు తగిలించి, వచ్చిన దారినే పోయాడు.

జంగమ్మ ఆ చిక్కాన్ని మేకు మీద నుంచి గుంజింది. "పోయేటప్పుడు ఎవల మురికీ నా ఇంట్ల ఉండొద్దు," అని బట్టల సబ్బుతో రుద్ది రుద్ది ఉతికి, దండెం మీద వేసింది.

అది మాట్లాడుతుందని ఊరంతటికీ తెలుసు. కానీ జనపతాడు కదా, పైగా ఆషాఢం మబ్బులు. మొదటి రోజు ఆరలేదు. రెండో రోజూ ఆరలేదు. జనానికి స్టేజీ దగ్గర ఎన్నడూ లేని పనులు పడ్డాయి. బస్సెక్కని వాళ్లు కూడా బస్సు కోసం నిలబడ్డారు. ఏం మాట్లాడుతుందోనని చిక్కపోళ్లూ గుడ్డపోళ్లూ పక్క పక్కనే నిలబడి వాదులాడుకున్నారు. "కరోనా అబద్ధం అంటది సూడు," అని ఒకరు. "చాయ్‌ల చక్కెర తక్కువైంది అంటది," అని ఒకరు. హుసేన్‌బీ మాటిమాటికి వచ్చి వేళ్లతో నొక్కి చూసి, "ఇంకా గీలా ఉంది," అని తడి సంగతి చెప్పి పోయేది. జంగమ్మ దండెం వైపు చూడనే లేదు. సంచులు కట్టుకుంటోంది.

మూడో రోజు మధ్యాహ్నం ఎండ కొట్టింది. చిక్కం మెల్లగా ఊగింది.

"జంగమ్మా," అంది కురుమూర్తి గొంతుతో. అతను ఎప్పుడూ మాట్లాడే పెద్ద గొంతు కాదు, చిన్నది. "నువ్వేమన్నవో నాకు ఇనపడలే. బోరుబండి మీదనే నా చెవులు పొయినయ్. నీ మూతి జూసుకుంటనే ఇన్నేండ్లు నీ మాటలు ఇన్న. గిప్పుడు గుడ్డ ఎనుక నువ్వు మాట్లాడుతున్నవో, ఊకున్నవో తెల్వక సస్తున్న. మల్లొక్కసారి చెప్పవా?"

అంతే. చిక్కం ఆగిపోయింది.

స్వరూప మెల్లగా, "టీకా... మేక..." అని గొణిగి కళ్లు మూసుకుంది. ఖాజా మియా రెండు చెంపలూ వేసుకున్నాడు, గుండురాయి అన్నందుకు. జంగమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది. ఆమెకు బస్సు ఎక్కిపోయిన వీపు గుర్తొచ్చింది. దానికంటే ముందు, తొమ్మిదేళ్ల కిందట, గిన్నె వైపు తిరిగి తాను అడిగిన మాట గుర్తొచ్చింది. గిన్నె వైపు తిరిగి!

"ఏమన్నది, ఏమన్నది?" అని మల్లయ్య అందరి చొక్కాలూ లాగుతున్నాడు. ఖాజా మియా అతని చెవిలో అరిచి చెప్పాడు. మల్లయ్య కాసేపు నమ్మలేదు. నమ్మినాక ముఖమంతా వెలిగింది.

అదే సమయానికి కురుమూర్తి చేను నుంచి గుంటుక భుజాన పెట్టుకుని వచ్చాడు. జనాన్ని చూశాడు, దండెం మీది చిక్కాన్ని చూశాడు, అడుగు పడలేదు. మల్లయ్య రోడ్డు మధ్యకు పోయి, ఆరడుగుల దూరాన ఆగి, మాస్కు తీసి, ఒక్కొక్క మాటా నోరంతా తెరిచి చెప్పాడు.

"నీ... చిక్కం... మాట్లాడింది!"

కురుమూర్తి మోరీ గోడ మీద కూలబడ్డాడు. గుంటుక కింద పెట్టాడు. ఇప్పుడు నవ్వుతారనుకుని తల వంచుకున్నాడు. మల్లయ్య వంగి అతని కళ్ల ముందుకు తన ముఖం తెచ్చాడు.

"ఇరవై ఏండ్లు నేనొక్కన్నే మోసిన గద. ఇగ ఊరికి ఇద్దరం. ఏ చెవిటోన్ని పిలుస్తుండ్రో తెల్వాలె గదా, నన్ను ఒట్టి మల్లయ్య అనుమను."

కురుమూర్తి చేతులు జోడించబోయాడు. మల్లయ్య ఆ చేతుల మీద ఒక్కటి కొట్టాడు. "నీకు ఏం పేరు పెడ్తరో అని భయపడకు. నీకు ముందే ఉన్నది పేరు. చిక్కం కురుమూర్తి!"

అప్పుడు నవ్వారు అందరూ. కురుమూర్తికి నవ్వు వినపడలేదు గానీ కళ్లు కనబడ్డాయి. అవి ఎక్కిరించే కళ్లు కావు.

లోపల జంగమ్మ పటం కింద నుంచి చీర తీసింది. కవర్ విప్పి, చీర పక్కన పెట్టి, ఖాళీ కవర్ పట్టుకుని ఖాజా మియా షాపుకు వచ్చింది.

"ఖాజా, గీ కవర్ల నుంచి జూస్తె చీర అంచుల పోగులు గూడ లెక్కవెట్టొచ్చు. మూతి కనబడదా?"

ఖాజా మియా కవర్‌ను వెలుగుకు పట్టి చూశాడు. "ఎందుకు కనబడదు అక్కా! పండ్లు గూడ కనబడ్తయి," అన్నాడు. జంగమ్మ మాస్కు మధ్యలో కిటికీలాగా కత్తిరించి, ప్లాస్టిక్ ముక్క పెట్టి చుట్టూ దగ్గర దగ్గర కుట్టు వేశాడు. సూది రెండుసార్లు విరిగింది. మూడోసారి కుదిరింది. కానీ జంగమ్మ పెట్టుకుని రెండు మాటలు మాట్లాడేసరికి కిటికీ అంతా ఆవిరి పట్టి తెల్లగా అయిపోయింది.

"గిదేంది, పొయ్యి కాడ అసలే నడవదు," అంది జంగమ్మ నీరసంగా.

హుసేన్‌బీ తన ముక్కు మీది అద్దాలు తీసి చూపించింది. "మాస్కు పెట్టుకుంటే నా ఐనక్ గూడ గిట్లనే అయ్యేది. లోపల జర సబ్బు రుద్ది, గుడ్డతో తుడువ్. ఆవిరి పట్టదు." పట్టలేదు.

ఊళ్లో ఆ రోజుతో రెండు జట్లూ ఒక్కటయ్యాయని చెబితే అబద్ధమవుతుంది. కొందరి మాస్కు గడ్డం కిందనే ఉండేది, కొందరిది జేబులోనే. అయితే కురుమూర్తి తెల్లారి టీకాకు పోయి వరుసలో నిలబడ్డాడనేది, స్వరూప అతనికి చేతి మీద సూది గుచ్చినట్టు సైగ చేసి, ఆ తరువాత రెండు వేళ్లతో మేక కొమ్ములు పెట్టి చూపిస్తే ఇద్దరూ నవ్వుకున్నారనేది మాత్రం నిజం.

టీకా పడిన మరుసటి రోజు పొద్దున అయిదున్నర. పొయ్యి రాజుకుంది. రెండో బల్ల నాలుగు కాళ్ల మీద నిలబడింది. కురుమూర్తి చిక్కం కట్టుకుని తన చోట కూర్చున్నాడు. బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు, కండక్టరు, ఖాజా మియా, మల్లయ్య, మోరీ మీది నలుగురు, అందరూ చేరారు. పాలు పొయ్యి మీద పొంగుకు వస్తున్నాయి.

జంగమ్మ పొయ్యికి వీపు పెట్టి, కురుమూర్తికి ఎదురుగా తిరిగింది. కిటికీలో ఆమె మూతి కనిపిస్తోంది. తొమ్మిదేళ్ల కిందటి మాటే మళ్లీ అడిగింది. గొంతు ఎత్తలేదు. అసలు గొంతే పెట్టలేదు. పెదాలతోనే అడిగింది. అంతమంది ఉన్నారు, ఒక్కరికీ వినపడలేదు. మల్లయ్య ఒక్కడు ఏదో చదివినట్టున్నాడు, మర్యాదగా తల తిప్పుకున్నాడు.

కురుమూర్తి ఆ పెదాలను చివరిదాకా చూశాడు. చాయ్ గ్లాసు చేతిలోనే ఉంది. వెనకాల పాలు పొంగి పొయ్యిలో పడి చుయ్యిమన్నాయి. జంగమ్మ తిరగలేదు. తిరిగితే జవాబు తప్పిపోతుందని భయం.

"ఏం కూర?" అన్నాడు కురుమూర్తి.

చిన్నగానే అన్నాననుకున్నాడు పాపం. బస్సులో వెనక సీట్లో నిద్రపోతున్న ఆవిడ ఉలిక్కిపడి లేచింది.

జంగమ్మ పెదాలు మళ్లీ కదిలాయి.

"చింతచిగురు పప్పా? ఉల్లిగడ్డ ఎక్కువెయ్యి," అన్నాడు అంతే గట్టిగా.

"ఏందన్నా, ఏం పప్పు?" అన్నాడు కండక్టరు ఏమీ అర్థం కాక.

"నీ పని నువ్వు జూస్కో, రైట్ రైట్ అను," అని ఖాజా మియా అతన్ని బస్సు దాకా తోలి వచ్చాడు.

రేణుకమ్మకు జంగమ్మ ఫోన్‌లో చెప్పింది, చీర మంచిగున్నదని, కవర్ ఇంకా మంచిగున్నదని, శ్రావణంలో తాను రావడం లేదు గానీ వాళ్లే ఒకసారి వచ్చి పోవాలని. చీర శ్రావణం మొదటి శుక్రవారం కట్టింది.

పప్పు వండిన రోజు సాయంత్రం, ఇంకా ఎండ ఉండగానే, కిటికీ మాస్కునూ చిక్కాన్నీ ఉతికి ముందు దండెం మీదే పక్క పక్కన ఆరేసింది. ఖాజా మియా మిషను ఆపి, కాలు పెడల్ మీద నుంచి తీసి చెవి పెట్టి కూర్చున్నాడు. కిటికీ మాస్కు చివరి తడి ఆరింది. చిక్కం కూడా పెళుసెక్కేదాకా ఎండింది.

మల్లయ్య వచ్చి అతని భుజం తట్టాడు. "ఏమన్నయే రెండూ?"

ఖాజా మియా ఏమీ అనలేదన్నట్టు తల అడ్డంగా ఊపి, నవ్వుకుంటూ మిషను తొక్కసాగాడు.